తాలు టిక్కీలో పెళ్లి డిస్కు

నమోదు 640, సోమవారం

దాచడం అంటే పోకుండా పెట్టడమా, వెతికితే దొరికేలా పెట్టడమా?

ఈ ప్రశ్న విశ్వవిద్యాలయం రోజుల నుంచీ నా వెంట వస్తోంది. గ్రంథాలయ శాస్త్రం చదివాను. మౌఖిక పరీక్షలో ఇదే అడిగితే "రెండూనండీ" అన్నాను. మార్కులైతే వచ్చాయి కానీ జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు. మా ఇంట్లో ఒక కత్తెర ఉండేది. తలుపు పక్క మేకు దాని చోటు. ఆ చోటు అందరికీ తెలుసు కాబట్టి కత్తెర ఎప్పుడూ అక్కడ ఉండేది కాదు. వెండి గిన్నె కూడా ఒకటి ఉండేది. అమ్మ దాన్ని ఎంత భద్రంగా పెట్టిందంటే చివరికి తనకే దొరకలేదు. పోలేదని మాత్రం ఇంటిల్లిపాదీ గట్టిగా చెప్పేవాళ్లం.

ఇప్పుడు నా ఉద్యోగమే దాచడం. తుడుపు జరిగిన మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మెరిసింది. జనం గాల్లో దాచుకున్న ఫొటోలు, పట్టాలు, ప్రేమలేఖలు అన్నీ సాయంత్రానికి లేకుండా పోయాయి. మిగిలినవి చేతికి తగిలేవి మాత్రమే. బీరువాల మీద దుమ్ము పట్టిన డిస్కులు, పోపుల పెట్టెల్లో మరిచిపోయిన మెమరీ కార్డులు, కాగితాలు. జనం వాటిని ఇంటికో మూటగా కట్టి ఇక్కడికి తెచ్చి పెట్టారు. ఇక్కడ అంటే గుంటూరు శివార్లలోని పాత మిర్చి కోల్డ్ స్టోరేజీ. మందపాటి గోడలు, చల్లటి చాంబర్లు, ఎత్తైన చెక్క అరలు. డిస్కులకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. మిర్చి వెళ్లిపోయి ఏళ్లయినా ఘాటు మాత్రం గోడల్లోనే ఉండిపోయింది. లోపలికి వచ్చినవాళ్లు ముందు తుమ్ముతారు, ఆ తర్వాతే నమస్కారం పెడతారు.

జ్వరం తగ్గి మూడు వారాల తర్వాత ఇవాళ పనిలోకి వచ్చాను. ముందు సోలార్ పలకలు కడిగించాను. తర్వాత చాంబర్ల వైపు నడుస్తుంటే మస్తాన్ వలీ గారు ఎదురొచ్చారు. మిర్చి కాలం నుంచీ ఇక్కడి హమాలీల ముఠాకి ఆయనే పెద్ద. ఇవాళ మామూలుకంటే ఎక్కువగా నవ్వుతున్నారు.

"రెండో చాంబరు చూసి సంతోషిస్తారు మేడమ్," అన్నారు.

వెళ్లి చూశాను. అరల్లో ఒక్క మూట కూడా లేదు. బదులుగా గోనె టిక్కీలు వరసలుగా పేర్చి ఉన్నాయి. టిక్కీ అంటే మిర్చి బస్తా. అన్నిటికీ మూతులు చక్కగా కుట్టి ఉన్నాయి.

"మూటలేవి మస్తాన్ గారూ?"

"వానకి చాంబరు కారింది మేడమ్. అన్నీ తడిసినయ్యి. మీరేమో మంచాన పడి ఉంటిరి. ఏం చేద్దాం? తీసకపోయి కళ్లంలో ఆరబోశాం."

"డిస్కులనా?"

"డిస్కులూ, కార్డులూ, కాగితాలూ. మీరు చూడాల్సింది. కళ్లం మొత్తం తళతళలాడిపోయింది. కాకి అనేది వాలితే ఒట్టు."

"ఆరాక మళ్లీ ఎవరి మూట వాళ్లకి కట్టారు కదా?"

"ఎట్టా కడతాం? మూటల మీద సుద్దతో రాసిన పేర్లు వానకి పోయినయ్యి. అందుకని గ్రేడింగు చేశాం," అన్నారాయన. ఆ గొంతులో అప్పుడు కూడా గర్వమే ఉంది.

బాగా మెరిసే డిస్కులు మొదటి రకం. గీతలు పడ్డవి రెండో రకం. రంగు దిగిపోయి పాలిపోయినవి తాలు. మిర్చిలో ఎరుపు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు. కార్డులు విడిగా పోశారు. కాగితాల్లో తెల్లవి ఒక చోట, పసుపుపచ్చవి ఒక చోట. ఎన్నో ఏళ్లు కళ్లాల్లో మిర్చి ఏరిన చేతులు. చెయ్యి పెట్టిన సరుకుని రకాలుగా ఏరకుండా వదలవు.

దగ్గర ఏది ఉంటే దాని మీద కూలబడ్డాను. అది పాత తూకం కాటా. ముల్లు కదిలింది. మస్తాన్ గారు వంగి చూసి, "బాగా తగ్గిపోయారు మేడమ్," అన్నారు బాధగా.

ఒక్క కాగితం కూడా బూజు పట్టలేదు. అది ఒప్పుకోవాలి. వాళ్లు ఆరబెట్టకపోయి ఉంటే ఇవాళ మొత్తం ముద్దలే మిగిలేవి. ఏదీ పోలేదు, కానీ ఏది ఎవరిదో తెలియదు.


నమోదు 641, మంగళవారం

పొద్దున్నే ఇద్దరు వచ్చారు. ఇద్దరూ కలిసి తుమ్మారు. ఆయన ఊటుకూరి బసవపున్నయ్య, ఆవిడ నాంచారమ్మ. అరవై దాటినవాళ్లు. వాళ్ల ఊరు ఉప్పుకయ్య ఇప్పుడు సముద్రంలో ఉంది. అప్పటి నుంచీ శిబిరంలో ఉంటున్నారు.

సముద్రం వచ్చిన ఊళ్లవాళ్లకి కొండవీడు వాలు మీద కొత్తూరు కడుతున్నారు. దంపతులైతే జంట ఇల్లు ఇస్తారు. విడివాళ్లకి ఆడవాళ్ల వసతి వాలుకి ఒక వైపు, మగవాళ్ల వసతి ఇంకో వైపు. పెద్ద ఇంటి కోసం ఎవరెవరో జంటలమని చెప్పుకుని వచ్చారట. అందుకని సాక్షుల మాట చెల్లదనీ, తుడుపుకి ముందటి రుజువు ఏదైనా ఉండాలనీ నియమం పెట్టారు. వచ్చే మంగళవారంతో గడువు తీరుతుంది.

"మా పెళ్లి డిస్కు మీ దగ్గరే పెట్టామమ్మా," అన్నారు బసవపున్నయ్య గారు. "ఎర్ర గళ్ల లుంగీ మూట."

"లుంగీ కాదు, నా పాత చీర," అంది నాంచారమ్మ గారు.

"చీరైతే నేను మోస్తానా?"

"ఏందీ?"

"చీరైతే నేను మోస్తానా అంటన్నా," అని ఆయన ఆవిడ ఎడమ వైపుకి జరిగి మళ్లీ చెప్పారు. ఆవిడకి కుడి చెవి వినపడదు. ఆయనకి చూపు మసక. బల్ల అంచు దగ్గరికి రాగానే ఆవిడ ఆయన మోచెయ్యి పట్టి ఇవతలికి లాగింది. మాట ఆపకుండానే, ఆయన వైపు చూడకుండానే.

జరిగింది చెప్పాను. మూటలు లేవు, టిక్కీలున్నాయి. డిస్కు ఇక్కడే ఉంది, ఎక్కడుందో చెప్పలేను.

ఆవిడే ముందు తేరుకుంది. "విడివిడిగా ఇచ్చినా నాకేం దిగుల్లేదులేమ్మా. ఈయన గురక తప్పుద్ది," అంది. అంటూనే ఆయన చొక్కా గుండీ తప్పు కాజాలో ఉంటే తీసి సరిగ్గా పెట్టింది.


నమోదు 642, బుధవారం

డిస్కుల మీద రాతలు చాలావరకు చెరిగిపోయాయి. అందుకని ఆడించి చూడడం తప్ప దారి లేదు. డిస్కులు ఆడించే యంత్రం మన దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని పలకల కరెంటు మీద పగటిపూటే నడపగలం. రెండో చాంబరు ఎలాగూ చీకటిగా ఉంటుంది. గోడకి సున్నం కొట్టించి బొమ్మ దాని మీద పడేలా అమర్చాను.

మొదటి రకం టిక్కీ విప్పాం. మొదటి డిస్కు పెళ్లి. రెండోదీ పెళ్లే. మూడోది పెళ్లి అనుకున్నాను, ఓణీల ఫంక్షను. మా పెద్దవాళ్లు చదువులు, యుద్ధాలు, వానల లెక్కలు అన్నీ గాలికి వదిలేశారు. పెళ్లిళ్లు మాత్రం డిస్కుల్లో చుట్టి బీరువాలో పెట్టారు. రేపటి చరిత్రకారులు మనం భోజనాలు తప్ప ఏమీ చేయలేదని రాసినా తప్పుపట్టలేం.

"మాది కాదు," అంటుంది నాంచారమ్మ గారు ప్రతిదానికీ. వెంటనే కాదు, కనీసం అప్పగింతలదాకా చూశాక.

"కాదని మొదట్లోనే తెలుస్తోంది కదండీ," అన్నాను.

"తెలుస్తందమ్మా. ఆ పిల్ల ఏడుస్తదో లేదో చూద్దామని."


నమోదు 643, గురువారం

సంగతి ఊళ్లో పాకింది. మధ్యాహ్నానికి చాంబరు నిండిపోయింది. చలికి దుప్పట్లు కప్పుకుని, ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని కూచున్నారు జనం. గులాబీ పువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్లికొడుకు తల బయటికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్లికూతురు హంస మీద ఎగురుతూ వస్తే ఈలలు వేశారు. అప్పటి వీడియోవాళ్లకి మనుషుల్ని నేల మీద నిలబెట్టడం ఎందుకో నచ్చేది కాదు.

ఒకావిడ తన మేనత్తని గుర్తుపట్టింది. ఇంకొకాయన తెర మీద తన తోడల్లుడు మూడో లడ్డూ జేబులో వేసుకోవడం చూసి, ఆ తోడల్లుణ్ణి ఇంటి నుంచి పిలిపించాడు. ఆ తోడల్లుడు వచ్చి అది లడ్డూ కాదు, జేబురుమాలన్నాడు. అందరి కోరిక మీద మళ్లీ వేశాం. లడ్డూయే.

ఇళ్ల పంపకం అధికారిణి హేమలత కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఇస్త్రీ చీర, గట్టి జడ. అన్నీ చూసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నాకూ వాళ్లని విడదియ్యాలని లేదండీ. కానీ పోయిన నెల నా ముందు ముగ్గురు మగవాళ్లు ఒకే ఆవిడకి మొగుళ్లమని నిలబడ్డారు. ఆవిడ నాలుగో ఆయన్ని చూపించింది. కాగితం లేకుండా నేనేం చెయ్యను?" అంది.

"అర్థమైంది," అన్నాను. నిజంగానే అర్థమైంది, అదే నా ఇబ్బంది. ఎవరి పక్కన నిలబడితే వాళ్ల మాట సబబుగానే అనిపిస్తుంది నాకు.

పోతూ పోతూ హేమలత తుమ్మి, "ఆ హంస మీద వచ్చిన పిల్ల అప్పగింతలప్పుడు ఏడ్చిందా?" అని అడిగింది. ఏడవలేదని చెప్పాను.


నమోదు 645, శనివారం

మొదటి రకంలో చాలా టిక్కీలు అయిపోయాయి. వాళ్ల పెళ్లి లేదు.

బసవపున్నయ్య గారు ఇప్పుడు చూడడం మానేశారు. ఎలాగూ ఆయనకి గోడ మీద రంగులు తప్ప ఏమీ కనపడవు. వెనక బస్తాలకి ఆనుకుని కళ్లు మూసుకుని వింటారు. సన్నాయి మొదలవగానే "ఇది మనది కాదు, శ్రుతి బాలేదు" అంటారు. పురోహితుడి గొంతు వినగానే "ఈయన బాపట్ల మనిషి" అంటారు. ఆయన వినింది ఆవిడకి చెబుతారు, ఆవిడ చూసింది ఆయనకి చెబుతుంది. పక్కన కూచున్నవాళ్లకి ఒకే పెళ్లి రెండుసార్లు అయినట్టు ఉంటుంది. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు ఆ రెండో పెళ్లి కోసమే వాళ్ల దగ్గర చోటు పట్టుకుంటున్నారు.

డబ్బాలో మధ్యాహ్నం భోజనం తెచ్చింది నాంచారమ్మ గారు. గోంగూర పచ్చడి మస్తాన్ గారికీ పెట్టింది.

"మీరు ఆరబోయకపోతే మా పెళ్లి కుళ్లిపోయేదిగా వలీ గారూ," అంది.

మస్తాన్ గారు నా వైపు చూసి, "విన్నారా మేడమ్," అన్నారు.

విన్నాను. ఆయన ఆరబోసినందుకే మూట చెదిరింది. ఆరబోసినందుకే సరుకు మిగిలింది. ఈ రెండు వాక్యాల్లో ఏది ముందు రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూచున్నాను.


నమోదు 646, ఆదివారం

దొరికింది. గడువు దగ్గరపడుతోందని మొదటి రకం సగంలో వదిలి విప్పిన తాలు టిక్కీలో.

డిస్కు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "బసవ – నాంచారి" అని రాసి, చుట్టూ గుండె బొమ్మ గీసి ఉంది. ఆ గుండె తానే గీశానని బసవపున్నయ్య గారు ఒప్పుకున్నారు. నాంచారమ్మ గారు, "ఇన్నేళ్లూ వీడియో అతను గీశాడనుకున్నానే," అని ఆయన్ని కొత్తగా చూసినట్టు చూసింది. అందరూ నవ్వారు. నేను డిస్కుని అంచులు పట్టుకుని మెత్తటి గుడ్డతో తుడిచాను.

వెండిపూత గుడ్డతోపాటు వచ్చేసింది. పాము కుబుసంలా, పొరలు పొరలుగా. గుండె బొమ్మ నా వేలికి అంటుకుంది. చేతిలో ఉత్త గాజులాంటి బిళ్ల మిగిలింది. దానిలోంచి చూస్తే అవతల మస్తాన్ గారి ముఖం కనిపించింది.

యంత్రంలో పెట్టి చూశాం. తిరిగింది, ఆగింది. గోడ తెల్లగా ఉండిపోయింది.

"కళ్లంలో ఎండకేనా మేడమ్?" అని అడిగారు మస్తాన్ గారు.

అయివుండొచ్చు. ఇక్కడికి రాకముందు ఇంట్లోని ఉప్పుగాలికే లేచిపోయి ఉండొచ్చు. వాన నీటికైనా కావచ్చు. తాలులో ఏరారంటే అప్పటికే రంగు దిగి ఉందన్నమాట. కానీ ఏరింది ఎండబెట్టాక కదా.

"తెలియదు మస్తాన్ గారూ," అన్నాను. కాదని చెప్పి ఉంటే ఆయన ఇంటికి వెళ్లి అన్నం తినేవారు. తెలియనిదాన్ని తెలుసని చెప్పడం నాకు చేతకాదు. ఇది మంచి గుణమో కాదో ఇవాళ మాత్రం అనుమానంగా ఉంది.


నమోదు 647, సోమవారం

మస్తాన్ గారు పొద్దుటి నుంచీ పనిలోనే ఉన్నారు. ఒక్కరే నిచ్చెన ఎక్కి, మొదటి రకంలో మిగిలిన టిక్కీలు దించి యంత్రం దగ్గర పెట్టారు.

"వాళ్ల డిస్కు దొరికిపోయింది కదండీ. ఇంకేం వెతుకుతాం?" అన్నాను.

"వెతకటం కాదు. సరుకు సగంలో ఆపితే నాకు నిద్రపట్టదు," అన్నారు.

బయట నీడలో నాంచారమ్మ గారు బసవపున్నయ్య గారికి కళ్లలో మందు వేసుకోవడం నేర్పుతోంది. రేపటి నుంచి ఆయనే వేసుకోవాలి కదా. సీసాలో నీళ్లు పోసుకుని సాధన చేయిస్తోంది. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది మీసం మీద.

"కన్ను యాడుందో కూడా తెలియదా నీకు?"

"నలభై ఏళ్లుగా నువ్వేగా ఏస్తన్నావు. నేనెందుకు గుర్తు పెట్టుకుంటా?"

"నలభై కాదు. కళ్లు పోయి పదేళ్లేగా."

"సరే, పదేళ్లు. నువ్వు మాత్రం అక్కడ గంట కొడితే ఎట్టా వింటావు? అన్నం అయిపోయాక లేస్తావు."

ఆవిడ సీసా మళ్లీ ఆయన చేతిలో పెట్టి, "ఇంకోసారి వెయ్యి," అంది. ఆ మాట ఆవిడ ఎడమ చెవి వైపు నుంచే వచ్చింది. వినపడలేదని అనుకోలేను.


నమోదు 648, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత నాకే అనుమానం వస్తుంది కాబట్టి.

హేమలత మధ్యాహ్నం వచ్చింది. దంపతుల రుజువు లేదని నా నోటితో చెప్పించుకుని వెళ్లాలి. ఆమె కూచోడానికి కాటా తప్ప ఏమీ లేదు. కూచోనంది. జనం భోజనాలకి వెళ్లిపోయారు. నాంచారమ్మ గారు రెండు సంచులు సర్దుకుని పక్కన పెట్టుకుంది, ఆయనదొకటి తనదొకటి. మస్తాన్ గారు ఎవరినీ అడక్కుండా మిగిలిన డిస్కులు ఒకటొకటిగా యంత్రంలో వేస్తూనే ఉన్నారు. పని ఆపలేక వేస్తున్నారు. ఎవరూ గోడ వైపు చూడడం లేదు.

ఎవరిదో పెళ్లి. పేర్లు వచ్చే ముందు భాగం పాడైపోయింది. బొమ్మ నేరుగా భోజనాల వరసల మీద మొదలైంది. వెనకాల మైకులో చదివింపులు చదువుతున్నారు. పెళ్లికి ఎవరెవరు ఏమేం కానుక తెచ్చారో పేరు పేరునా గట్టిగా అరిచి చెప్పడం ఇప్పుడు లేదు. ఇప్పటి పిల్లలకి వింతగా ఉంటుంది. నాకు మాత్రం చిన్నప్పుడు ఆ మైకు కింద అన్నం తిన్న గుర్తు ఉంది. ఫలానావారు గోడ గడియారం. ఫలానావారు టేబుల్ ఫ్యాను. సాంబారు వడ్డన మధ్యలో ఆ గొంతు అలా సాగిపోతుండేది.

"ఆపండమ్మా," అన్నారు బసవపున్నయ్య గారు. కళ్లు మూసుకునే ఉన్నారు. "నన్ను పిలిచారు."

"ఎవరు పిలిచారండీ?"

"మైకులో. నా పేరు పిలిచారు."

నాంచారమ్మ గారు ఆ మాట వినలేదు. ఆవిడ అప్పుడే సంచి ముడి వేస్తూ తలెత్తింది. గోడ మీద ఒక యువకుడు, వంకాయ రంగు చీర కట్టిన ఒక అమ్మాయి మెట్లెక్కి పెళ్లి వేదిక మీదికి వస్తున్నారు. అమ్మాయి ముఖం మాడ్చుకుని ఉంది. యువకుడి చేతిలో స్టీలు బిందె.

"ఆ బిందె నాది," అంది నాంచారమ్మ గారు. "ఇవ్వొద్దని చెప్పా ఆ రోజు."

వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. ఈసారి శబ్దం పెంచాను. ఆ గొంతు చాంబరు గోడలకి తగిలి వినిపించింది: "ఉప్పుకయ్య వాస్తవ్యులు ఊటుకూరి బసవపున్నయ్య గారు, వారి ధర్మపత్ని నాంచారమ్మ గారు, స్టీలు బిందె ఒకటి. భోజనాలు చేసి వెళ్లవలసిందిగా కోరుతున్నాం."

మస్తాన్ గారు నిచ్చెన మెట్టు మీద కూచుండిపోయారు.

"మా పెళ్లికి వచ్చిన బిందె అది," నాంచారమ్మ గారు హేమలతకి చెప్పుకుంటోంది, పక్కింటావిడతో చెప్పుకున్నట్టు. "అడుగున మా ఇద్దరి పేర్లు కూడా కొట్టించి ఉన్నాయమ్మా. చూసుకోకుండా పట్టకపోయి ఇచ్చాడు ఈ మహానుభావుడు. తర్వాత వాళ్లు చూసుకుని ఎంత నవ్వుకుని ఉంటారో."

"చూసుకునే ఇచ్చా," అన్నారు బసవపున్నయ్య గారు. "ఇంట్లో ఇంకేం ఉంది ఇవ్వడానికి?"

"ఏందీ?"

"ఏం లేదులే."

హేమలత బొమ్మ ఆపమంది. వీడియో అతను అప్పటి అలవాటు ప్రకారం కానుక మీదికి వెళ్లి, బిందె అడుగు గోడంత పెద్దది చేశాడు. హేమలత దగ్గరికి వెళ్లి చూసింది. "నాం అని కనపడుతోందండీ," అంది. నేనూ వెళ్లి చూశాను. మెరుపు తప్ప నాకేమీ కనపడలేదు. ఆ సంగతి చెప్పాను కూడా.

అంతటితో ఆగి ఉండవలసింది. కానీ నోరు ఊరుకోలేదు. "మైకులో చెప్పినంత మాత్రాన పెళ్లయినట్టు రుజువేనా? నలుగురూ అలా అనుకున్నారని మాత్రమే కదా," అన్నాను. వాళ్ల ఇల్లు నా మాటతో పోతుందని తెలిసీ అన్నాను. మస్తాన్ గారు నా వైపు చూసిన చూపు నేను బతికినంతకాలం మరిచిపోను.

హేమలత కాస్త ఆలోచించింది. "పెళ్లంటే ఇంకేం ఉంటుందండీ?" అంది. "ముఖం ఉంది, పేరు ఉంది, ఊరు ఉంది, నలుగురి ముందు గట్టిగా చెప్పారు. అదీగాక..." అని గోడ మీద ముఖం మాడ్చుకున్న అమ్మాయినీ, పక్కన సంచి విప్పుకుంటూ గొణుగుతున్న నాంచారమ్మ గారినీ మార్చి మార్చి చూసింది. "ఆ బిందె గురించి ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు. దొంగ జంటలు నా ముందు చాలా ప్రేమగా ఉంటారండీ."

జంట ఇల్లు అని రాసుకుంది. రాసుకుని, కాటా మీద కూచుని, "మిగతా పెళ్లి కూడా వెయ్యండి," అంది.


నమోదు 653, ఆదివారం

వాళ్లు కొత్తూరు వెళ్లిపోయారు. పోయే ముందు నాంచారమ్మ గారు ఆయన కళ్లలో మందు వేసింది, మా గేటు దగ్గరే. ఒక్క చుక్క కింద పడలేదు. బసవపున్నయ్య గారు మస్తాన్ గారి భుజం తట్టి, "మీ తాలు వల్ల కాదు లెండి. మా ఇంటి గాలి ఉప్పు గాలి," అన్నారు. అది నిజమో కాదో ఆయనకీ తెలియదు. మస్తాన్ గారు మాత్రం ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

ఇవాళ ఆయన ముఠాతో వచ్చి వరసగా నిలబడ్డారు.

"చెప్పండి మేడమ్. మళ్లీ మూటలు కట్టమంటారా, ఇట్టాగే ఉంచమంటారా?"

మూటలు కడితే ఎవరిది వాళ్లకి దొరుకుతుంది. వచ్చినవాళ్లు అడిగిన మూట తీసి ఇచ్చి పంపేస్తాం. అలా ఉండి ఉంటే వాళ్లు వచ్చిన రోజే ఆ ఇద్దరికీ వాళ్ల మూట తీసి ఇచ్చేదాన్ని. అందులోని డిస్కు నా చేతిలో పొరలూడిపోయేది, వాళ్లు రెండు సంచులు తీసుకుని రెండు వైపులకి వెళ్లేవాళ్లు. కలగలిపినందుకే వాళ్లు దొరికారు. అయితే రేపు వచ్చేవాళ్లకి కూడా ఎవరో మైకు పట్టుకుని పిలుస్తారని నమ్మి, ఇంటింటి సరుకునీ ఇలా గోనెల్లో వదిలేయగలనా? ఒక్కసారి అదృష్టం పండిందని దాన్ని పద్ధతి అనగలనా?

"ఆలోచించి చెబుతాను," అన్నాను.

"నిన్నా అదే అన్నారు," అన్నారు మస్తాన్ గారు. ముఠా మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ బిందె డిస్కు. అది ఎవరి పెళ్లో ఎవరికీ తెలియదు. ఉప్పు కొఠారులో తనతో పనిచేసినతనిదని బసవపున్నయ్య గారంటారు. కాదు, ఆయన తరఫు దూరపు చుట్టాలదని నాంచారమ్మ గారంటుంది. పెళ్లికూతురు నిండుగా నవ్వుతోంది, బిందె అందుకుంటూ కూడా. ఆ అమ్మాయి ఎప్పుడైనా తన పెళ్లి వెతుక్కుంటూ వస్తే ఏ అరలో వెతకాలి? ఊటుకూరివారి పేరు మీద పెడితే వాళ్లకి దొరుకుతుంది, ఆమెకి దొరకదు. ఎవరిదో తెలియనివాటిలో పెడితే పోకుండా ఉంటుంది, ఎవరికీ దొరకదు.

ప్రస్తుతానికి అది నా బల్ల మీద ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు. మూటలా, టిక్కీలా అన్నదీ తేలలేదు. బల్ల మీద ఉన్నదాన్ని దాచినట్టు లెక్క వెయ్యాలో లేదో, అది కూడా ఇంకా తేల్చుకోలేకపోయాను.